ల్యాంపు రూములో ఇంగ్లిష్ దుకాణం

జనవరి 18, ఆదివారం. సాయంత్రం 6.10

కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను, నేనూ కొత్త సంతోషిని!

క్లర్కు పోస్టుల పరీక్ష ఫిబ్రవరి 22న. ఇంకా ముప్పై ఐదు రోజులుంది. ఇంగ్లిష్ పేపరు పాసవ్వాలంటే ముప్పై ఐదు మార్కులు. అంటే రోజుకో మార్కు. ఇంత తేలికైన లెక్క పోయినసారి నాకు ఎందుకు తట్టలేదో! పోయినసారి వచ్చినవి ముప్పై మూడు.

ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో నాకు బాగా తెలుసు. ఐదో ప్రశ్న, పది మార్కులు: దుకాణదారుకూ కొనడానికి వచ్చినవాడికీ మధ్య సంభాషణ రాయండి. "గుడ్ మార్నింగ్" అని రాశాను. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఎంత ఆలోచించినా తోచలేదు. వాళ్లను అలాగే నిలబెట్టి పేపరిచ్చి వచ్చేశాను. బీకాం చదివినదాన్ని!

అందుకే ఈసారి గైడులో ఆరో పాఠం తప్ప ఇంకేమీ ముట్టను. డబ్బు, కొనుగోళ్లు.

నియమాలు:
1. పొద్దున 4.30కి లేవాలి. 5.30 దాకా ఆరో పాఠం.
2. రోజుకు పది మాటలు. మొత్తం మూడు వందల యాభై.
3. చాక్లెట్టు కొన్నా మనసులో ఇంగ్లిష్‌లోనే కొనాలి.
4. సీరియళ్లు బంద్.
5. పై నియమాలు మార్చకూడదు.

కాగితం తీసుకెళ్లి బాపుకు చూపించాను. మా బాపు సదయ్య ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో చేశాడు. నడుము పోయి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం నాకొచ్చింది. ల్యాంపు రూములో జనరల్ మజ్దూర్, కిటికీలోంచి ల్యాంపులిచ్చే కూలి పని. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను నౌకరి ఇడిసిపెట్టింది నువ్వు ఆఫీసుల కుర్సీల కూసుంటవని. కిటికి కాడ నిలవడనీకి కాదు బిడ్డ. ఈసారన్న పాస్ గావాలె. గీ కాయితం మల్లమల్ల సూడనీకి నాతోని గాదు."

మల్లమల్ల అనడానికి కారణముంది. పోయినసారి కాగితం కూడా బాపు చూశాడు. దానిలోనూ ఐదే నియమాలు.

జనవరి 19, సోమవారం. మధ్యాహ్నం 3.50

4.30కే లేచాను! పది మాటలూ వచ్చేశాయి: ప్రైస్, కాస్ట్, చీప్, డిస్కౌంట్, బిల్, చేంజ్, రిసీట్, రీఫండ్, ఆఫర్, బార్గెయిన్.

వచ్చిన మాటలు ఎక్కడో ఒకచోట వాడాలి కదా. నాకు దుకాణం లేదు కానీ కిటికీ ఉంది. బాయిలోకి దిగేవాళ్లంతా షిఫ్టు మొదట్లో నా కిటికీకి రావలసిందే. ఇత్తడి టోకెన్ ఇస్తారు. ఆ నంబరు ల్యాంపు ఇస్తాను. టోకెన్ తీసి మేకుకు తగిలిస్తాను. ఎనిమిది గంటల తర్వాత పైకొచ్చి ల్యాంపు ఇస్తే టోకెన్ తిరిగి ఇచ్చేస్తాను. మేకుకు టోకెన్ ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఇచ్చి పుచ్చుకోవడం ఉంది, కిటికీ ఉంది, క్యూ ఉంది. దుకాణానికి ఇంకేం కావాలి?

మొదటి బేరం పోశం కాక. బాపుతో కలిసి పనిచేసినవాడు. ఇప్పుడు లోపల పంపు నడుపుతాడు. వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నాడు. టోకెన్ 214 కిటికీలో పెట్టాడు.

"గుడ్ మార్నింగ్ సర్. హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అన్నాను.

కాక వెనక్కి తిరిగి చూశాడు, సారెవరైనా వచ్చారేమోనని.

"నిన్నే కాక. ఇంగ్లిష్ పరీక్షకు సదువుతున్న. నాది దుకాణం, నువ్వు కొననీకి వచ్చినవ్. హౌ మచ్ అని అడుగు."

"హౌ మచ్?"

"నో మనీ సర్. ఇట్ ఈజ్ ఫ్రీ."

"ఫ్రీ అంటె నాకు అనుమానమే బిడ్డ. రిపేరు పీసేమో సూడు."

"థ్యాంక్యూ సర్. ప్లీజ్ కమ్ అగైన్."

"గదేంది?"

"మల్ల రాండ్రి అని. దుకాణాలల్ల అంటరు."

కాక ల్యాంపును టోపీకి తగిలించుకుని నాలుగడుగులు నడిచాడు. మళ్లీ వెనక్కొచ్చాడు.

"గది మంచిగుంది. ఇంకొక్కసారి అను," అన్నాడు.

జనవరి 20, మంగళవారం

లేచింది 4.50. ఇరవై నిమిషాలు నియమం తప్పినట్టు కాదు, అలారంలో తేడా.

కాక అందరికీ చెప్పేసినట్టున్నాడు. వచ్చినవాడల్లా "హౌ మచ్" అంటున్నాడు. మొగిలన్న బొగ్గెత్తే మెషీన్ నడుపుతాడు. నోరు ఊరుకోదు. "మేడమ్, ఒకటి కొంటె ఒకటి ఫ్రీ లేదా?" అన్నాడు.

"సారీ సర్. వన్ టోకెన్, వన్ ల్యాంప్."

"డిస్కౌంటన్న ఇయ్యి."

"ఫ్రీ దాంట్ల డిస్కౌంటేంది అన్నా?"

"గది ఇంగ్లిష్ల చెప్పు."

చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి గైడు తిరగేశాను, అందులోనూ లేదు.

జనవరి 22, గురువారం. సాయంత్రం 7.00

ప్రాక్టికల్స్. అమ్మతో కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. మార్కెట్ దగ్గర ఆటో దిగుతుండగానే మా అమ్మ సారవ్వ మొదటి పాఠం చెప్పింది.

"మెడల కంపెనీ కార్డు తీసి సంచిల ఎయ్యి. గది కనవడ్డదంటె కిలకు పది రూపాలు పెంచుతరు."

గైడులో ఈ జాగ్రత్త లేదు.

బీరకాయ అరవై అంది అమ్మే ఆమె. అమ్మ నలభై అంది. ఆమె మొహం తిప్పుకుంది. అమ్మ కూడా తిప్పుకుని నడవడం మొదలుపెట్టింది. సరిగ్గా ఏడో అడుగులో, "దా అక్కా, దా, నలభై ఐదియ్యి" అని పిలుపు. ఇంటికొచ్చేదారిలో అమ్మ వివరించింది. ఐదో అడుగులో ఆగితే లోకువైపోతామట. పదో అడుగు దాటితే వాళ్లు మరిచిపోతారట. ఏడు మంచి లెక్క అట.

గైడులో మాత్రం కొనేవాడు "దయచేసి ధర కొంచెం తగ్గిస్తే మీకేమైనా అభ్యంతరమా?" అంటాడు. అమ్మేవాడు "ఏమాత్రం లేదండి" అంటాడు. అంతే, బేరం అయిపోతుంది. ఎవరూ మొహం తిప్పుకోరు, ఒక్క అడుగు కూడా నడవరు. పోయినసారి నాకు ఐదో ప్రశ్నలో ఏమీ తోచకపోవడానికి కారణం ఇదేనని ఇవాళ తెలిసింది. వాళ్లవి దుకాణాలే కావు.

జనవరి 24, శనివారం

వారం లెక్క. రావలసిన మాటలు అరవై. వచ్చినవి నలభై ఒకటి. మిగతా పంతొమ్మిది వచ్చే వారానికి బాకీ. వచ్చే వారం సెకండ్ షిఫ్టు, పొద్దునంతా ఖాళీ. దున్నేయొచ్చు.

జనవరి 27, మంగళవారం

పొద్దునంతా ఖాళీగా ఉంటే పొద్దునంతా నిద్ర వస్తుందని నాకు ముందు తెలియదు.

ఫోన్లో ఇంగ్లిష్ యాప్ వేసుకున్నాను. పుస్తకం పాత పద్ధతి.

జనవరి 30, శుక్రవారం. మధ్యాహ్నం 1.00

నిన్న గోదావరి ఒడ్డున సమ్మక్క జాతర. అమ్మ నా పరీక్ష కోసం మొక్కిందట, పిల్ల ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. సమ్మక్కకిచ్చే బెల్లాన్ని మేం బెల్లమనం. నన్ను తక్కెడలో కూర్చోబెట్టారు. చదువుకుందామని గైడు కూడా తెచ్చుకున్నాను కదా, అది ఒళ్లోనే ఉండిపోయింది. దించబోతే బాపు వద్దన్నాడు.

"ఉండనియ్యి. పుస్తకం బరువుకు గూడ కట్టుదాం. గట్లన్న నీకెక్కుతది."

యాభై రెండున్నర కిలోలు.

ఇంటికొచ్చి యాప్‌లో రాశాను: నిన్న మా అమ్మ యాభై రెండున్నర కిలోల బంగారం కొన్నది. యాప్ ఎర్రగీత కొట్టి, మీ ఉద్దేశం యాభై రెండున్నర గ్రాములా అని అడిగింది. కాదు, కిలోలే అన్నాను. అది చాలా పెద్ద మొత్తం, మీరు నగల వ్యాపారం చేస్తారా అంది. లేదు, ల్యాంపులిస్తాను అన్నాను. ఈ జవాబు అర్థం కాలేదు, మళ్లీ ప్రయత్నించండి అంది. ఇలా నలభై నిమిషాలు. ఇదీ చదువు కిందే రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 2, సోమవారం

రావలసిన మాటలు నూట యాభై. వచ్చినవి అరవై మూడు. వాటిలో ఇవాళ గుర్తున్నవి ఇరవై.

అసలు తప్పు ఐదో నియమానిది. నియమాలు మార్చకూడదంటే మనిషి ఎట్లా బతకాలి? దాన్ని కొట్టేశాను. అది పోయాక మిగతావి మార్చడం సులువైంది. 4.30 బదులు 5.15. పది మాటలకు బదులు మూడు. సీరియల్ ఒకటే, అదీ అమ్మ ఒంటరిగా చూస్తోందని.

ఫిబ్రవరి 5, గురువారం. సాయంత్రం 4.15

మాటలు గుర్తుండవు, వాక్యాలే గుర్తుంటాయి. అందుకే మాటలు మానేశాను. మూడంటే మూడు వాక్యాలు గట్టిగా పట్టుకున్నాను: హౌ కెన్ ఐ హెల్ప్ యూ. ఇట్ ఈజ్ ఫ్రీ. ప్లీజ్ కమ్ అగైన్.

కిటికీ దగ్గర వాటిలోనూ రెండు రాలిపోయాయి. షిఫ్టుకు ఆలస్యమవుతుందని జనమే వాటిని మానేశారు. మూడోదాన్ని మాత్రం వదలడం లేదు. ల్యాంపు తీసుకుని నిలబడతారు. నేను ఆ ముక్క అంటేనే కదులుతారు. ఒకాయనకు అనడం మరిచిపోతే మ్యాన్‌రైడింగ్ దాకా వెళ్లినవాడు వెనక్కొచ్చాడు. మ్యాన్‌రైడింగ్ అంటే మనుషుల్ని లోపలికి దింపే బండి. అది ఎవరి కోసమూ ఆగదు, అయినా వచ్చాడు.

నాతో పనిచేసే ఐలవ్వ అక్క ఇరవై ఏళ్లుగా ఈ కిటికీ దగ్గరే ఉంది. ఆమెను అడిగాను, వీళ్లకిదేం పిచ్చి అని.

"బాయిల దిగెటోడు ఎన్నడన్న 'పోత' అంటడా? 'పోయొస్త' అంటడు. ఇన్నేండ్లు నేనేమన్న? 'ఆఁ' అన్న. గంతే. నువ్వొచ్చి జవాబు చెప్పవడితివి. ఇగ వాళ్లు ఇడుస్తరా?"

ఇవాళ్టి నుంచి అక్క కూడా తన కిటికీలో మొదలుపెట్టింది. ఆమె నోట్లో అది 'కమగేను' అయింది. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

చదవకపోవడానికి కారణాలు, ఈ వారం:
సోమ: తలనొప్పి.
మంగళ: తలనొప్పి తగ్గిందని విశ్రాంతి.
బుధ: గైడు కనబడలేదు.
గురు: గైడు కనబడింది, అమ్మ దానిమీద పాలగిన్నె పెట్టింది.
శుక్ర, శని: పై గిన్నె ఇంకా తియ్యలేదు.

బాపు ఏమీ అడగడం లేదు. అడిగితేనే బాగుండేది.

ఫిబ్రవరి 12, గురువారం. మధ్యాహ్నం 3.40

సెకండ్ షిఫ్టు. కిటికీ ముందు క్యూ పెరిగింది. మొగిలన్న తనకు రెండుసార్లు అనమన్నాడు, నిన్నటిది బాకీ అట. ఈలోగా మ్యాన్‌రైడింగ్ కదిలిపోయింది. తొమ్మిది మంది మిగిలిపోయారు. సరిగ్గా అప్పుడే అండర్ మేనేజర్ ఉపేందర్ సారు వచ్చారు.

"ఏం నడుస్తుందమ్మా ఇక్కడ? ఇది ల్యాంపు రూమా, షాపింగ్ మాలా?"

మొగిలన్న నేలవైపు చూశాడు. ఐలవ్వ అక్క లేని పని కోసం లోపలికెళ్లింది.

"పరీక్ష ఉంది సార్, ఇంగ్లిష్..."

"పరీక్ష రాయాల్సింది పరీక్ష హాల్ల. తొమ్మిది మంది అర్ధగంట లేటు. నీ పేరు మీద రిపోర్టు రాస్తే ఆ పరీక్ష కూడ రాయవు. రేపటి సంది టోకెన్ తీస్కో, ల్యాంప్ ఇయ్యి. నోరు ఇప్పొద్దు."

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది. అందరి ముందూ అన్నాడని ఏడుపొచ్చింది. మూడు వందల యాభై మాటలు మూడు వాక్యాలయ్యాయి. మూడూ ఒకటయ్యాయి. ఇప్పుడు ఆ ఒక్కటీ బంద్. నిష్ఠగా మొదలుపెట్టిన పని ఇంత శుభ్రంగా ఊడ్చుకుపోవడం నేనెక్కడా చూడలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఫస్ట్ షిఫ్టు. టోకెన్ తీసుకున్నాను. ల్యాంపు ఇచ్చాను. నోరు విప్పలేదు. క్యూ పది నిమిషాల్లో అయిపోయింది.

పోశం కాక కాసేపు నిలబడ్డాడు. "ఇగ అనవా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

ఇంకా ఆరు రోజులుంది పరీక్షకు. పుస్తకం ముట్టబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం. సాయంత్రం 7.30

వరసగా రాస్తాను. లేకపోతే ఏదో ఒకటి మరిచిపోతాను.

3.00. షిఫ్టు అయిపోయింది. ల్యాంపులు వస్తున్నాయి, టోకెన్లు ఇస్తున్నాను.

3.35. అందరూ వచ్చేశారు. మా షిఫ్టు మేకులన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప. 214.

3.50. టైమాఫీసుకు చెప్పాను. పంపు దగ్గర ఫోను మోగడం లేదన్నారు. లైను పోయినట్టుంది. మనిషిని పంపుతున్నామన్నారు. నా డ్యూటీ అయిపోయింది. ఐలవ్వ అక్క సంచి తీసుకుంది. నేను కదల్లేదు. ఆమె సంచి కింద పెట్టేసింది.

4.10. స్నానం చేసి ఇంటికెళ్లాల్సిన మొగిలన్న తడి తలతో వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఒక్క జోకూ వెయ్యలేదు. నాకు అదే భయమేసింది.

4.25. ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. పొద్దున కాక ల్యాంపు తీసుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం ఎదురుచూశాడు. నేను తల వంచుకుని తర్వాతి టోకెన్ తీసుకున్నాను. మాటతో ఎవరూ పైకి రారు, మాట లేకపోతే ఎవరూ ఆగిపోరు. బీకాం చదివినదాన్ని, నాకా మాత్రం తెలుసు. తెలిసి కూడా మళ్లీ మళ్లీ ఆ మేకువైపే చూశాను.

4.40. బాపు వచ్చాడు. ఎవరు చెప్పారో. నడుం నొప్పితో ఆటోలో వచ్చి, ల్యాంపు రూము మెట్టుమీద కూర్చున్నాడు. మేకు వైపు చూశాడు. ఆయనకు ఆ మేకుల సంగతి నాకంటే బాగా తెలుసు.

5.20. బాయిలోంచి పైకొచ్చే దారి చివర వెలుగు కనబడింది. ల్యాంపు వెలుగు. మెల్లగా, మోకాలు పట్టుకుని, ఆగి ఆగి వస్తోంది. వెనక వెతకడానికి వెళ్లిన మనిషి.

సంగతేమిటంటే, కాక తర్వాత పంపు చూడాల్సిన సెకండ్ షిఫ్టు మనిషి డ్యూటీకి రాలేదు. పంపు వదిలేస్తే నీళ్లు నిండుతాయి. ఫోను పలకదు. వేరే మనిషి వచ్చేదాకా కూర్చున్నాడు. బయల్దేరేసరికి మ్యాన్‌రైడింగ్ ఆగిపోయి ఉంది. అరవై ఏళ్ల మోకాళ్లతో ఎత్తంతా నడిచి ఎక్కాడు.

కిటికీలో ల్యాంపు పెట్టాడు. నేను దాన్ని లాక్కున్నాను. మాట కోపంగా వచ్చింది.

"గింత లేటా కాక? ఇంటికాడ ఎవలన్న ఉంటరు, బయట ఎవలన్న ఉంటరు అని లేదా?"

కాక నా మొహం చూశాడు. బొగ్గు పట్టిన మీసం కింద నవ్వాడు.

"పొద్దుగాల నువ్వు గది అనకపోతివి. గందుకే తొవ్వ మర్సిపోయిన బిడ్డ."

ఆ మాటకు నేను ఏడ్చేశాను. మొగిలన్న అటు తిరిగాడు. బాపు మాత్రం మెట్టుమీద నుంచి, "గా టోకెనన్న ఇయ్యవే, ఆకలైతుండొచ్చు వానికి," అన్నాడు.

ఫిబ్రవరి 19, గురువారం

ఉపేందర్ సారు లోపలికి దిగడానికి తన ల్యాంపు కోసం వచ్చారు. ఇచ్చాను. తీసుకున్నారు. కదల్లేదు.

ప్లీజ్ కమ్ అగైన్ సార్, అన్నాను.

తలూపారు. "ఒక్క ముక్కనే. హౌ మచ్చు గీమచ్చు వద్దు," అని వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 21, శనివారం. సాయంత్రం 5.00

పాలగిన్నె తీశాను. ఆరో పాఠం మొత్తం ఒక్క రోజులో! గొడుగు కొనే సంభాషణ బట్టీ పట్టాను. గొడుగులో పద్నాలుగు వాక్యాలు. అప్పజెప్పించుకోమని బాపుకు గైడు ఇచ్చాను. బాపు దాన్ని తలకిందులుగా పట్టుకుని, నేను ఆగినప్పుడల్లా "తప్పు" అన్నాడు. ప్రతిసారీ నిజంగానే తప్పు.

ఫిబ్రవరి 22, ఆదివారం. మధ్యాహ్నం 2.30

ఐదో ప్రశ్న అదే! దుకాణదారు, కొనేవాడు, మీకిష్టమైన వస్తువు, పది మార్కులు.

గొడుగు మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర గొడుగు మూసుకుపోయింది. ఎంత గుంజినా తెరుచుకోలేదు. ఇంకా ఇరవై నిమిషాలుంది. పోయినసారిలా ఇద్దర్నీ నిలబెట్టి రావడం ఇష్టంలేక, నాకు వచ్చిన దుకాణం రాసేశాను. ఇంగ్లిష్‌లోనే రాశాను. తెలుగులో అది ఇట్లా ఉంటుంది:

ఇదెంత?
డబ్బులొద్దు. మీ టోకెన్ ఇవ్వండి.
ఎప్పుడు తిరిగివ్వాలి?
మూడింటికి. ఆలస్యం చేయకండి. నేను లెక్కపెడుతూ ఉంటాను.
నాకు కొంచెం ఆలస్యమైతే?
నేను ఇంటికి వెళ్లను.
థ్యాంక్యూ.
ప్లీజ్ కమ్ అగైన్.

చెయ్యి ఒక్కచోటా ఆగలేదు. ఎనిమిది లైన్లు అంత తొందరగా నేనెప్పుడూ రాయలేదు. హాలు బయట చెట్టు కింద సోడా తాగుతుంటే అప్పుడు వెలిగింది. డబ్బులొద్దని, సరుకు తిరిగి తెమ్మని, ఇంటికి వెళ్లకుండా కూర్చునే దుకాణం ప్రపంచంలో ఎక్కడుంది? అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని కదా ప్రతి దుకాణంలో బోర్డుంటుంది.

ఆ పేపరు దిద్దే ఆయన బాయి మనిషైతే బాగుండు.

ఫిబ్రవరి 28, శనివారం. సాయంత్రం 6.00

పోశం కాక చివరి డ్యూటీ. ఆఖరి రోజని ఆయనకు ఫస్ట్ షిఫ్టు వేశారు. నాది సెకండ్ షిఫ్టు వారం. అవతలి షిఫ్టు ఆమెను బతిమాలి మార్చుకున్నాను.

పొద్దున ల్యాంపు ఇచ్చి, అనాల్సింది అన్నాను. కాక ఈసారి రెండోసారి అడగలేదు.

మూడు దాటాక పైకొచ్చాడు. బయట పూలదండలు, శాలువాలు, డప్పులు సిద్ధంగా ఉన్నాయి. ముందు నా కిటికీకే వచ్చాడు. ల్యాంపు పెట్టాడు. ల్యాంపు తీసుకుని రిజిస్టర్‌లో గీత పెట్టాను. తలెత్తితే కాక చెయ్యి కిటికీలో చాచే ఉంది, టోకెన్ కోసం. ముప్పై నాలుగేళ్ల అలవాటు. ఆ టోకెన్ ఇక ఆయనకు ఇవ్వకూడదు, ఆఫీసుకు వెళ్లిపోవాలి. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కాకకే గుర్తొచ్చి చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఇగ లేదు గద," అన్నాడు.

టోకెన్‌ను మేకు నుంచి తీసి పక్కన పెట్టాను.

"అనవా బిడ్డ?"

"ఇగ నువ్వు రావద్దు గద కాక. ఎట్లంట?"

"కిటికికి రావద్దు. మీ ఇంటికి రావొద్దా? రేపు ఐతారం. మీ బాపు కోడిని కోస్తనన్నడు. అను."

అన్నాను. కాక తలూపి డప్పుల వైపు నడిచాడు.

మార్చి 6, శుక్రవారం. సాయంత్రం 4.30

ఫలితాలు నోటీసు బోర్డులో పెట్టారు. ఇంగ్లిష్: ముప్పై నాలుగు.

ఒక్క మార్కు. సమ్మక్కకు పుస్తకం బరువు కూడా ఇచ్చాం కదా తల్లీ!

ఇంటికొచ్చి బాపు ముందు నిలబడి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పోయినపాలి ఎన్ని?"

"ముప్పై మూడు."

"అంటె పెరిగింది."

"ఒకటి."

"ఒకటన్న పెరిగింది గద." నడుం సర్దుకుని కూర్చున్నాడు. "నేను పన్జేసిన ఇరువై తొమ్మిదేండ్లల్ల మూడుసార్లు లేటుగ పైకొచ్చిన. కిటికి కాడ ఎవలున్నరో గూడ సూడలే. టోకెన్ గుంజుకొని ఇంటికి పోయిన. ఎవలో ఒగలు నిలవడే ఉండొచ్చు గదా ఆ పొద్దు." తర్వాత నా నోటుబుక్కు చేతికిచ్చాడు. "అయినా కుర్సీ కుర్సీనే. ఇగ రాయి. కొత్త కాయితం."

మార్చి 7, శనివారం. మధ్యాహ్నం 3.45

మొదటి రోజు. 4.30కి లేచాను! సోమవారం దాకా ఆగితే మళ్లీ పోయినసారిలాగే అవుతుందని శనివారమే మొదలుపెట్టాను. మళ్లీ ఆరో పాఠమే. మళ్లీ ప్రైస్, కాస్ట్, చీప్. ఏడాదికో మార్కు పెరుగుతున్న లెక్కన వచ్చేసారికి సరిగ్గా ముప్పై ఐదు. ఈసారి రోజుకు ఐదు మాటలే, కానీ నియమాలు మార్చకూడదు.

ఫస్ట్ షిఫ్టు క్యూలో ఒక కొత్త మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. గోలేటి నుంచి బదిలీ మీద వచ్చాడట. పేరు ఎల్లన్న. కిటికీలో టోకెన్ పెట్టాడు. 214.

దాన్ని అలా చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. తర్వాత మేకుకు తగిలించి ల్యాంపు ఇచ్చాను. ఆయన తీసుకుని వెంటనే తిరిగి నడవడం మొదలుపెట్టాడు. పాపం, ఆయనకేం తెలుసు.

వెనక నుంచి మొగిలన్న చెయ్యి చాచి ఆయన భుజం పట్టుకున్నాడు.

"ఆగే అన్నా. మా బాయిల గట్ల పోరు. ముందుగాల గది ఇని పో."

"ఏంది ఇనేది?" అన్నాడు ఎల్లన్న, నా వైపు తిరిగి.

చెప్పాను. ఆయన అర్థం కాక మొగిలన్న వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, "సరే, వస్త," అన్నాడు.

3.10కి వచ్చాడు. టోకెన్ ఇచ్చేశాను. రేపు ఆదివారం, రెండు గంటలు చదవాలి.